జేసీబీకి ఫైబర్ తెగితే ఎవరిని పట్టుకోవాలి: డాకెట్ నంబరు నుంచి ఆర్టీఐ దాకా నా అనుభవం

ఈ ఏడు జనవరి మూడో వారంలో, ఉప్పల్ వైపున్న మా కాలనీలో డ్రైనేజీ పైపు కోసం రోడ్డు తవ్వుతూ జేసీబీ ఇంటర్నెట్ ఫైబర్‌ను లాగేసింది. నెట్ నిలకడగా రావడానికి ఫిబ్రవరి చివరి వారం దాకా పట్టింది. కట్టిన డబ్బులో రావాల్సింది ఏప్రిల్‌లో చేతికొచ్చింది. తవ్విన రోడ్డు మీద కాంక్రీటు మే నెలాఖరుకు పడింది. ఈ మధ్యలో ఏ కాగితం పనిచేసింది, ఎక్కడ రోజులు ఊరికే పోయాయి అన్నది వరసగా రాస్తున్నాను. కంపెనీ పేరు, తవ్వించిన శాఖ పేరు రాయడం లేదు. పద్ధతి తెలిస్తే పేర్లతో పనిలేదు.

తెగింది శుక్రవారం మధ్యాహ్నం. ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా మీద ‘లాస్’ అనే లైటు ఎర్రగా వెలగడం మొదలైంది. ఈ లైటు సంగతి ముందే చెబుతాను, కస్టమర్ కేర్‌తో సగం గొడవ దీని దగ్గరే తేలుతుంది. లాస్ ఎర్రగా ఉందంటే ఫైబర్ నుంచి వెలుతురే రావడం లేదని అర్థం. రౌటర్ ఆపి ఆన్ చేసినా, రీసెట్ కొట్టినా వచ్చేదేమీ లేదు. రీసెట్ కొడితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి, లైను బాగయ్యాక వాటికోసం మళ్లీ తిరగాలి. ఫోన్లో వాళ్లు ‘ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి’ అంటారు. పట్టుకోవద్దు. ‘లాస్ ఎర్రగా ఉంది, రోడ్డులో కేబుల్ తెగింది, డాకెట్ (ఫిర్యాదు) నంబరు ఇవ్వండి’ అని మాత్రమే అనాలి.

డాకెట్ నంబరు ఎందుకంత ముఖ్యమంటే, ఆ తర్వాత లెక్కలన్నీ దాని తేదీ నుంచే మొదలవుతాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇచ్చి తీరాలి. లైన్‌మన్ వాట్సాప్‌కు పెట్టిన మెసేజ్ ఫిర్యాదు కాదు. కాలనీ గ్రూపులో లోకల్ ఆపరేటర్ ‘చూస్తున్నం’ అని పెట్టిన వాయిస్ కూడా కాదు. మా వీధిలో చాలా ఇళ్లవాళ్లు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఊరుకున్నారు. తర్వాత డబ్బు అడిగేసరికి వాళ్ల పేరు మీద కంపెనీ రికార్డులో ఫిర్యాదే లేదు.

మర్నాడు పొద్దున్నే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఎస్ఎంఎస్ వచ్చింది. లైటు ఎర్రగానే ఉంది. ఇది ఎలా జరుగుతుందో ఆ తర్వాత లైన్‌మన్ చెప్పాడు. ఒక ఫిర్యాదు ఇన్ని గంటల్లో మూసెయ్యకపోతే లోకల్ ఆపరేటర్ బిల్లులో కోత పడుతుందట. అందుకని ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అనో, ‘ఏరియా ఔటేజ్’ అనో కారణం పెట్టి మూసేస్తారు. కొన్ని కంపెనీల్లో మూయడానికి మన ఫోన్‌కు కోడ్ వస్తుంది. ‘అన్నా, కోడ్ చెప్పు, సాయంత్రానికల్లా చేపిస్త’ అని అడుగుతారు. నెట్ వచ్చి, పది నిమిషాలు వాడి చూసుకునేదాకా ఆ కోడ్ ఎవరికీ చెప్పొద్దు. కోడ్ చెప్పారంటే సమస్య తీరిందని మీరే ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది.

ఫిర్యాదు మూసేసినప్పుడు చాలామంది కొత్తది పెడతారు. అలా చేస్తే రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. పాత డాకెట్‌నే తిరిగి తెరవమని అడగాలి. మొదట కుదరదన్నారు. ‘పాత నంబరుకు సంబంధించిన లోపమే, అదే తేదీ నుంచి కొనసాగుతోంది అని రిమార్క్స్‌లో రాయండి’ అంటే రాశారు. ఫోన్ పెట్టేసిన వెంటనే అదే మాట కంపెనీ ఈమెయిల్‌కు రాసి, ఎర్ర లైటు ఫొటో, తవ్విన గుంత ఫొటో జతచేశాను. తర్వాత మూడు చోట్ల పనికొచ్చింది ఆ ఒక్క ఈమెయిలే.

గుంత దగ్గరికి వెళ్లి చూస్తే పరిస్థితి స్పష్టంగా తెలిసింది. జేసీబీ పన్నుకు నల్ల కేబుల్ చుట్టుకుని, తెగిన చోట నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు పోగులు బయటికి వచ్చి ఉన్నాయి. వెంట్రుక మందం పోగులు. ఆ రంగులు వరస నంబర్లు: నీలం ఒకటి, నారింజ రెండు, ఆకుపచ్చ మూడు, గోధుమ నాలుగు. రెండు చివర్లలో అదే రంగును అదే రంగుతో అతకాలి. కత్తితో కోసినట్టు తెగితే అతకడం తేలిక. జేసీబీ అలా కొయ్యదు, ముందు లాగుతుంది. పై తొడుగు ఒకచోట తెగితే, లోపలి గాజు పోగు అక్కడికి కొన్ని మీటర్ల అవతల విరిగి ఉంటుంది. అందుకే కనిపించిన చోట అతికేస్తే నెట్ రాదు. ఓటీడీఆర్ అనే మిషన్ పెట్టి, వెలుతురు ఎంత దూరం పోయి ఆగుతోందో చూడాలి. దెబ్బతిన్న ముక్క మొత్తం తీసేసి కొత్త ముక్క వెయ్యాలి. ఒక తెగుడుకు రెండు చివర్లా రెండు జాయింట్లు పడతాయి.

మా దగ్గర మొదట ఇదేదీ చెయ్యలేదు. ఆపరేటర్ దగ్గర పోగులు అతికే స్ప్లైసింగ్ మిషన్ లేదు, కంపెనీ టీమ్ రావాలి. ఆ టీమ్ హైదరాబాద్ తూర్పు వైపు అంతటికీ ఒకటే అన్నారు. పైగా గుంత పూడ్చేదాకా కింద జాయింట్ వేస్తే మళ్లీ తెగుతుందని ఆగారు. ఆ మాట నిజమే, కాదనను. కానీ అది కస్టమర్‌కు ముందే చెప్పి, ఆ రోజుల అద్దె తీసేస్తామని చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టరు మనిషిని అడిగితే, ‘కింద ఏ వైరు ఉన్నదో మాకు చెప్పినోళ్లు లేరు సార్. పైపు వెయ్యమన్నరు, వేస్తున్నం’ అన్నాడు. కంపెనీని అడిగితే ప్రభుత్వ పని వల్ల జరిగింది, మా చేతిలో లేదన్నారు. శాఖ ఇంజనీరును అడిగితే కేబుల్ కంపెనీ వాళ్లు వచ్చి కాంట్రాక్టరుతో మాట్లాడుకోవాలన్నారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. ఏ ఒక్కరూ మిగతా ఇద్దరికి ఒక లేఖ కూడా రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు ఏప్రిల్‌లో అర్థమైంది, ఆ సంగతి కిందికి వస్తుంది.

జనవరి నెలాఖరుకు తాత్కాలికంగా స్తంభాల మీదుగా సన్న డ్రాప్ కేబుల్ లాగి పక్క వీధి డబ్బాలోంచి కనెక్షన్ ఇచ్చారు. లాస్ లైటు ఆరిపోయింది, నెట్ వచ్చింది, ఎస్ఎంఎస్ వచ్చింది, ఫిర్యాదు మూశారు. కానీ సాయంత్రమైతే నిమిషానికోసారి పోయి వస్తోంది. మాటల్లో చెబితే ‘వైఫై దూరం’ అంటారు, కాబట్టి అంకె చూపించాలి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే (చాలా రౌటర్లకు అదే, అడుగున ఉన్న స్టిక్కర్ మీద అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటాయి) స్టేటస్ పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ అని ఒక అంకె ఉంటుంది, అంటే డబ్బాకు అందుతున్న వెలుతురు బలం. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. మైనస్ 27 దాటితే ఇళ్లలో ఉండే మామూలు డబ్బాలు తడబడతాయి. మాది మైనస్ 28 చూపించింది.

కారణం లైన్‌మన్ నిచ్చెనెక్కి డబ్బా తెరిచినప్పుడు కనపడింది. పక్క వీధిలో అప్పటికే ఎనిమిదిళ్లకు పంచే స్ప్లిట్టర్ ఉంది. ఎనిమిదిగా పంచితేనే పది డీబీకి పైగా పోతుంది. దాని ఒక కాలికి ఇంకో స్ప్లిట్టర్ తగిలించి మా వీధిని ఎక్కించారు. దానికి తోడు మధ్యలో మిషన్‌తో అతకకుండా చేత్తో బిగించే కనెక్టర్లు పెట్టారు. మిషన్ జాయింట్‌కు నష్టం 0.1 డీబీ కూడా ఉండదు, చేత్తో బిగించేదానికి దానికి నాలుగైదింతలు, దుమ్ము పడితే ఇంకా ఎక్కువ. ఒకచోట ఆకుపచ్చ కనెక్టరును నీలం అడాప్టరులో దూర్చారు. ఆకుపచ్చదాని మొన ఏటవాలుగా ఉంటుంది, నీలందాని మొన నిటారుగా ఉంటుంది, రెండూ కలిస్తే మధ్యలో సందు మిగిలి వెలుతురు పోతుంది. అది మార్చగానే మైనస్ 28 కాస్తా మైనస్ 25కు వచ్చింది. మీ ఇంట్లో కూడా రంగులు చూసుకోండి, ఆకుపచ్చకు ఆకుపచ్చే ఉండాలి.

ఆ తాత్కాలిక కేబుల్ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్ తగిలి ఐదుగురు చనిపోయిన తర్వాత, నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించడం మొదలైంది. మనుషుల ప్రాణాల మీదికి వచ్చే విషయం కాబట్టి తొలగించడాన్ని నేను తప్పు పట్టను. తప్పు పట్టాల్సింది, ఆ సంగతి తెలిసి కూడా అదే స్తంభం మీద తక్కువ ఎత్తులో, కట్టు కూడా లేకుండా వైరు వేలాడదీసినవాళ్లను. ఫిబ్రవరి మొదటి వారంలో ఆ వైరు తీసేశారు. లాస్ మళ్లీ ఎరుపు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి, అది నన్ను బాగా బాధపెట్టింది. మా పై పోర్షన్‌లో బీటెక్ పిల్లలు ఉంటారు, పక్క బిల్డింగ్‌లో ఇంటర్ చదివే అమ్మాయిలు. పరీక్షల కాలం, ఆన్‌లైన్ క్లాసులు, ఎంట్రన్స్ దరఖాస్తులు. వాళ్లు ఫిర్యాదు చేస్తే ‘ఎక్కువ వాడుతున్నారు, డౌన్‌లోడ్‌లు పెడతారు’ అని రాసి మూశారు. అదే లైను, అదే తెగుడు, నా ఫిర్యాదులో మాత్రం ‘ఫైబర్ కట్’ అని ఉంది. వేరే కంపెనీ కనెక్షన్ కోసం వెళ్తే, బ్యాచిలర్స్ అని ఆరు నెలల డబ్బు ముందే కట్టమన్నారు, కాలేజీ ఐడీ ఫొటో, తండ్రి ఫోన్ నంబరు, ఓనర్ ఆధార్ అడిగారు. కనెక్షన్‌కు కావాల్సింది తీసుకునేవాళ్ల గుర్తింపు, చిరునామా రుజువు. తండ్రి నంబరుతో, కాలేజీతో వాళ్లకు పనేముంది? ఆ ఫొటోలు ఏజెంట్ ఫోన్‌లో ఉండిపోతాయి. ఆడపిల్లల నంబర్లు, హాస్టల్ వివరాలు అలా ఎవరి ఫోన్‌లోనో ఉండటం నాకు భయమేసింది. వాళ్లకు చెప్పిందొకటే: యూఐడీఏఐ సైటులో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి, దాని మీద ‘ఫలానా కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ కోసం మాత్రమే’ అని తేదీతో రాసి ఇవ్వండి, మిగతావి ఎందుకో ఈమెయిల్లో అడగండి. ఈమెయిల్లో అడిగేసరికి కాలేజీ ఐడీ, తండ్రి నంబరు అక్కర్లేదన్నారు. అడ్వాన్స్ మాత్రం మూడు నెలలకు తగ్గించారు తప్ప తీసెయ్యలేదు. ఫిర్యాదుల్లో రాసిన ‘ఎక్కువ వాడకం’ అన్న మాటను కూడా ఆ పిల్లల చేత ఈమెయిల్లో ఖండింపజేశాను, స్పీడ్ టెస్టు బదులు లాస్ లైటు ఫొటో పెట్టించి.

రెండోసారి తెగాక అప్పీలుకు వెళ్లాను. చాలామంది నేరుగా ట్రాయ్‌కు రాస్తారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు, కంపెనీకి పంపి ఊరుకుంటుంది. ప్రతి కంపెనీకీ లోపలే అప్పీలు వినే అప్పీలేట్ అథారిటీ ఉండాలి. ఆ ఈమెయిల్, నంబరు కంపెనీ సైటులో అడుగున ఎక్కడో ఉంటాయి. దొరక్కపోతే ట్రాయ్ వారి టీసీసీఎంఎస్ పోర్టల్‌లో కంపెనీ పేరు, రాష్ట్రం ఎంచుకుంటే వస్తాయి. అప్పీలుకు ఫీజు లేదు, ఫిర్యాదు తేలిన నాటి నుంచి లేదా గడువు దాటిన నాటి నుంచి 30 రోజుల్లో వెయ్యాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి.

అప్పీలు ఒక పేజీకి మించనివ్వలేదు. కోపం, కష్టం, ఆఫీసు పని పోయిన సంగతి ఏమీ రాయలేదు. డాకెట్ నంబరు, తెగిన తేదీ, తప్పుగా మూసిన తేదీ, తిరిగి తెరిచిన తేదీ, నెట్ వచ్చిన తేదీ, మళ్లీ పోయిన తేదీ, ఆర్ఎక్స్ పవర్ స్క్రీన్‌షాట్లు. చివర్లో రెండే కోరికలు: శాశ్వత జాయింట్ ఏ తేదీకి వేస్తారో రాతపూర్వకంగా చెప్పడం, 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనల ప్రకారం 3 రోజులు దాటిన లోపానికి అద్దెలో రాయితీ ఇవ్వడం. ‘తగిన చర్య తీసుకోగలరు’ అని రాస్తే తగిన చర్య తీసుకున్నామని జవాబు వస్తుంది. కాబట్టి అంకె, తేదీ అడగాలి.

జవాబు మార్చిలో వచ్చింది. నిబంధనల్లోని ‘మా నియంత్రణలో లేని కారణాలు’ అన్న షరతు చూపి, సద్భావంతో ఏడు రోజుల వాలిడిటీ పెంచుతామన్నారు. నేను తిరిగి రాసింది ఇది: జేసీబీ తెంపింది మొదటిసారి. రెండోసారి పోయింది కరెంటు స్తంభం మీద కంపెనీయే వేసిన తాత్కాలిక వైరు. మధ్యలో తడబడింది స్ప్లిట్టర్ మీద స్ప్లిట్టర్ వేసినందుకు. ఈ రెండూ ఎవరి నియంత్రణలో ఉన్నాయి? ఆ లేఖకు అక్కడ జవాబు రాలేదు.

అప్పుడు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికమ్యూనికేషన్స్ విభాగం కింద పెట్టాను. అక్కడ ముందు కంపెనీకి, తర్వాత అప్పీలేట్ అథారిటీకి వెళ్లారా అని చూస్తారు. రెండు నంబర్లూ లేకపోతే వెనక్కి పంపేస్తారు. జతచేసే ఫైలు ఒకటే పీడీఎఫ్‌గా, చిన్న సైజులో ఉండాలి. ఫొటోలన్నీ తేదీ వరసలో ఒకే ఫైలుగా చేశాను. పరిష్కారానికి 21 రోజుల గడువు. ఇది పనిచేసే తీరు ఏమిటంటే, టెలికాం శాఖ దాన్ని కంపెనీలోని నోడల్ ఆఫీసరుకు పంపుతుంది. కస్టమర్ కేర్‌లో ఎన్నాళ్లు అడిగినా దొరకని మనిషి నోడల్ డెస్కు నుంచి తానే ఫోన్ చేస్తాడు. ఫోన్లో ‘కేసు మూసేస్తాం, క్రెడిట్ వచ్చేస్తుంది’ అంటారు. ముందు క్రెడిట్ నోట్ పంపండి, తర్వాత మూయండి అన్నాను. ఏప్రిల్‌లో ఒక నెల అద్దె, జీఎస్టీతో కలిపి, ఖాతాలో వేశారు. మా ప్లాన్ నెలకు రూ.699, 18 శాతం జీఎస్టీతో రూ.824.82. మొదట రూ.699 మాత్రమే లెక్కేశారు, పన్ను కూడా నా జేబులోంచే పోయిందని బిల్లు పంపాక సరిచేశారు.

ఈలోపు ఫోన్ డేటా వోచర్లకే అంతకు మించి ఖర్చయింది. అది తిరిగి రాలేదు. దానికి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. టెలికాం సేవల ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్లు వినొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ల వరకు గడువుంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వెయ్యొచ్చు. నెల అద్దె వచ్చాక నేను ఆగాను. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో జీతం కోత పడినవాళ్లు మాత్రం ఆగాల్సిన పనిలేదు, జీతం స్లిప్పు, ఆఫీసు ఈమెయిల్ దాచుకుంటే చాలు. ముందుగా 1915కు ఫోన్ చేసి నమోదు చేసుకోవడం మంచిది.

ఇక రోడ్డు సంగతి. నెట్ తెగినప్పుడే, జనవరి నెలాఖరులో, తవ్వించిన శాఖకు ఆర్టీఐ వేశాను. రూ.10 ఫీజు, స్పీడ్ పోస్టు, రసీదు జాగ్రత్త. ప్రశ్నలు రాసే పద్ధతిలోనే అంతా ఉంది. ‘ఎందుకు తవ్వారు, ఎందుకు జాగ్రత్త తీసుకోలేదు’ అని అడిగితే అది సమాచారం కిందికి రాదని కొట్టేస్తారు. కాగితాలు అడగాలి, పేరు పెట్టి అడగాలి. ఆ పని వర్క్ ఆర్డర్, అగ్రిమెంటు, ఐటమ్‌ల వారీ ఎస్టిమేటు, ఆనాటి దాకా రాసిన ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (పనిలో లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత ఉండే కాలం) తేదీలు, తవ్వే ముందు ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో పెట్టిన ఎంక్వైరీ కాపీ, ఆ రోడ్డులో కేబుల్ కంపెనీలకు ఇచ్చిన రోడ్ కటింగ్ అనుమతులు. ఆ యాప్‌ను కేంద్రం 2023 మార్చిలో తెచ్చింది. తవ్వేవాళ్లు చోటు పెడితే, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు ఫోన్‌కు కబురు వెళ్తుంది. పని పేరు సరిగ్గా తెలియకపోతే రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ టెండర్ల పేజీలో కాలనీ పేరుతో వెతికితే టెండరు నంబరు, ఈసీవీ అంటే అంచనా విలువ, దొరుకుతాయి. ఆ నంబరు దరఖాస్తులో రాస్తే ‘ఏ పనో స్పష్టంగా లేదు’ అనే జవాబుకు దారి మూసుకుపోతుంది. కాంట్రాక్టరు ఫోన్ నంబరు, పాన్ లాంటివి అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని వాటి సాకుతో మొత్తం దరఖాస్తు తిప్పుతారు.

30 రోజులు దాటాక మార్చిలో సగం జవాబు వచ్చింది. వర్క్ ఆర్డర్ ఇచ్చారు, ఎస్టిమేటు ‘వాణిజ్య రహస్యం’ అన్నారు. ప్రజల డబ్బుతో ప్రభుత్వమే వేసిన అంచనా కాంట్రాక్టరుకు రహస్యమెలా అవుతుందని మొదటి అప్పీలు వేశాను, దీనికీ ఫీజు లేదు. కాపీలు ఇవ్వడానికి ఇబ్బందైతే సెక్షన్ 2(జె) కింద రికార్డు పరిశీలనకు అనుమతించమని అందులోనే కోరాను. ఇది పనిచేసింది. కాపీ తయారుచేసి సంతకాలు పెట్టించడం వాళ్లకు భారం, చూసుకోనివ్వడం తేలిక. మొదటి గంటకు డబ్బు లేదు, ఆ తర్వాత పావుగంటకు రూ.5. గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం కావాల్సిన పేజీల కాపీలు ఉచితంగా ఇవ్వాల్సి ఉంది. ఆ సెక్షన్ నంబరు చెబితే పేజీకి రూ.2 కూడా తీసుకోలేదు.

ఏప్రిల్‌లో ఆ ఫైలు ముందు కూర్చున్న గంట మొత్తం వ్యవహారాన్ని తేటతెల్లం చేసింది. అగ్రిమెంటు షరతుల్లో భూమిలో ఉన్న పైపులు, కేబుళ్లకు నష్టం జరగకుండా చూసే బాధ్యత కాంట్రాక్టరుదేనని, జరిగితే తన ఖర్చుతో సరిచెయ్యాలని ఉంది. అంటే కేబుల్ కంపెనీ ఒక్క లేఖ రాస్తే ఖర్చు రాబట్టుకోవచ్చు. ఎందుకు రాయలేదు? తర్వాతి కాగితం చెప్పింది: ఆ రోడ్డులో ఆ కంపెనీకి తవ్వకం అనుమతి ఇచ్చినట్టు రికార్డు లేదు. అనుమతి లేకుండా కింద వేసిన కేబుల్ తెగిందని ఏ ముఖంతో అడుగుతారు? యాప్ ఎంక్వైరీ గురించి ‘మా రికార్డులో అందుబాటులో లేదు’ అని ఒక లైను. అక్కడ ఎవరి కేబుల్ ఉందో అడగని శాఖ, అక్కడ తన కేబుల్ ఉందని చెప్పుకోలేని కంపెనీ. అందుకే ఇద్దరూ ఒకరి పేరు ఒకరు నోటితోనే చెప్పారు, కాగితం మీద పెట్టలేదు. వీళ్లిద్దరి మధ్య నెలకు ఎనిమిది వందలు కట్టేవాడు చీకట్లో ఉండిపోతాడు.

ఈ మాట పట్టుకోండి: వాళ్ల మధ్య ఏముందో తేల్చడం కస్టమర్ పని కాదు. మన ఒప్పందం కంపెనీతో, మన పన్ను శాఖకు. కంపెనీ నుంచి అద్దె అడగడానికి జేసీబీ ఎవరిదో చెప్పక్కర్లేదు. శాఖ నుంచి రోడ్డు అడగడానికి కేబుల్ ఎవరిదో చెప్పక్కర్లేదు. రెండు ఫిర్యాదులూ విడిగా నడిపితేనే కదులుతాయి. ఒకే దాంట్లో కలిపితే ఒకరి మీద ఒకరు తోసేస్తారు.

ఎస్టిమేటులో ఇంకొకటి దొరికింది. పైపు చుట్టూ ఇసుక, దాని మీద పొరలు పొరలుగా మట్టి దిమ్మిస కొట్టడం, పైన తవ్విన మేరకు సీసీ రోడ్డు తిరిగి వెయ్యడం వేర్వేరు ఐటమ్‌లుగా ఉన్నాయి. రోడ్డు మీద జరిగింది తవ్విన మట్టి, రాళ్లు, పాత కాంక్రీటు పెళ్లలు ఒకేసారి తోసెయ్యడం. అలా పూడ్చింది చూడ్డానికి సమంగానే ఉంటుంది, నీళ్ల ట్యాంకర్ నాలుగుసార్లు పోతే కుంగుతుంది. మా దగ్గర జానెడు లోతు కుంగింది. ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, లోతు గడులు ఉంటాయి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) రాస్తారు, పై ఇంజనీరు (డీఈ) మళ్లీ కొలిచి సరిచూస్తారు. సీసీ రోడ్డు ఐటమ్ అప్పటికి రాయలేదు, ఫైనల్ బిల్లు పోలేదు. ఇదే సరైన సమయం. బిల్లు పోయాక అడిగితే డిఫెక్ట్ లయబిలిటీ అంటూ డిపాజిట్ చుట్టూ తిరగాలి, బిల్లు పోకముందు ఏఈ మాటకు కాంట్రాక్టరు దగ్గర విలువుంటుంది. టేపు పెట్టి కుంగిన చోట్ల లోతు కొలిచి, టేపు అంకె కనపడేలా ఫొటోలు తీసి, ఎస్టిమేటులోని ఐటమ్ నంబర్లు వేసి, ఇవి పూర్తయ్యేదాకా రికార్డు చెయ్యవద్దని కాలనీ వాళ్లందరి సంతకాలతో ఏఈకి, డీఈకి ఇచ్చాం. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి, ముద్ర ఒక్కటే చాలదు.

శాశ్వత జాయింట్ ఫిబ్రవరి చివరి వారంలో వేశారు. పోగు పైపూత గీకి, స్పిరిట్‌తో తుడిచి, చివర నిటారుగా కోసి, మిషన్‌లో పెడితే స్క్రీన్ మీద రెండు చివరలు దగ్గరకొచ్చి మెరుపుతో కలిసిపోతాయి. పైన సన్న గొట్టం తొడిగి వేడి చేస్తే బిగుసుకుంటుంది. పోగుకు కొన్ని నిమిషాలు, 24 పోగులు, రెండు చివరలు, కాబట్టి సాయంత్రం దాటింది. తర్వాత మా అంకె మైనస్ 21. కానీ జాయింట్ డబ్బాలను మట్టిలో అలాగే పెట్టి పూడ్చారు. దాని మీద కాంక్రీటు పడితే ఇంకోసారి లోపం వచ్చిన రోజున కొత్త రోడ్డు పగలగొట్టాలి. అందుకని మేలో కాంక్రీటు వేసే ముందు, కంపెనీ నోడల్ డెస్కుకు ఏఈకి ఇచ్చిన లేఖ కాపీ పెట్టి, అక్కడ మూతతో ఛాంబర్ కట్టమని రాశాను. ఒక జాయింట్‌కు కట్టారు, రెండోదానికి కట్టలేదు. కట్టనిది ఎక్కడుందో మా గేటు నుంచి, స్తంభం నుంచి కొలిచి కాలనీ రిజిస్టర్‌లో రాసిపెట్టాం. అనుమతి లేని కేబుల్‌ను క్రమబద్ధం చేసుకున్నారా, యాప్ ఎంక్వైరీ ఎందుకు రికార్డులో లేదు అన్న రెండు అంశాల మీద సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. దానికి గడువు 90 రోజులు, అందులోనే పంపాను. విచారణ తేదీ ఇంకా రాలేదు.